గర్జనకు ముందు 90 మిల్లీసెకన్లు: ఒక లో బ్రాస్ లైబ్రరీతో నాలుగేళ్లు

నాలుగేళ్లుగా ఒకే లో బ్రాస్ శాంపిల్ లైబ్రరీని, అంటే మంద్రస్థాయి ఇత్తడి వాద్యాల స్వరాలను రికార్డు చేసి కీబోర్డుతో వాయించుకునేలా కూర్చిన సాఫ్ట్‌వేర్‌ను, వాడుతున్నాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. కింద చెప్పబోయే ఇబ్బందిలో తప్పు దానిదెంత, నాదెంత అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను కనుక, పేరు పెట్టి నిందించడం న్యాయం కాదనిపించింది. ట్రాంబోన్లు, బేస్ ట్రాంబోన్, చింబాసో (ట్రాంబోన్ కుటుంబంలోని మంద్ర వాద్యం), ట్యూబా కలిసి ఉన్న లైబ్రరీలో ఏమేమి ఉంటాయో, అది ఎంత డిస్క్ తింటుందో ఈ పని చేసేవారికి తెలిసినదే కాబట్టి ఆ వివరాల జోలికి పోను. దీనితో ఇప్పటివరకు తొమ్మిది బాస్ ఫైట్‌లకు, అంటే వీడియో గేమ్‌లలో ‘బాస్’ అనే పెద్ద శత్రువుతో జరిగే పోరాటాలకు, సంగీతం సమకూర్చాను. ఆ అనుభవంలో నాకు చెప్పాలనిపించేది ఒక్క మాడ్ వీల్ (కీబోర్డు పక్కన వేలితో నెట్టే చక్రం) గురించే.

ముందుగా మెచ్చుకోవలసినది మెచ్చుకుంటాను. ఈ లైబ్రరీలో మాడ్ వీల్‌ను 0 నుంచి 127 వరకు నెట్టుకుంటూ పోతే వినిపించేది శబ్దం పెరగడం కాదు, నాదం స్వభావమే మారిపోవడం. ట్రాంబోన్‌ను మెల్లగా ఊదితే గుండ్రని, నిదానమైన నాదం వస్తుంది. గట్టిగా ఊదినప్పుడు ఆ పొడవైన సన్నని గొట్టంలో ప్రయాణించే పీడన తరంగం ముందు అంచు అంతకంతకూ నిటారుగా మారుతుంది. దానితో పైనున్న హార్మోనిక్స్ (మూల స్వరంతో కలిసి మోగే పై స్వరాలు) అన్నీ బలం పుంజుకుంటాయి. రేకును చీల్చినట్టు వినిపించే గరుకుదనం అక్కడి నుంచే పుడుతుంది. కాబట్టి మెల్లగా ఊదిన రికార్డింగును ఫేడర్‌తో ఎంత పైకి లేపినా అది మన చెవికి దగ్గరవుతుందే తప్ప భయపెట్టదు. శబ్దాన్ని మాత్రమే పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ కంట్రోలర్‌తోనే బండి నడిపించే కొత్తవారి బాస్ సంగీతం పెద్దగా వినిపిస్తూ కూడా మెత్తగా ఉండిపోవడానికి కారణం ఇదే. నేనూ మొదటి రెండేళ్లు, అంటే ఈ లైబ్రరీ రాకముందు, అదే చేశాను.

కొన్న రోజు రాత్రి చేసిన మొదటి పని నాకు ఇంకా గుర్తుంది. బేస్ ట్రాంబోన్ మీద 65.4 హెర్ట్జ్ దగ్గరుండే కింది సి స్వరం, దాని పక్కనే ట్యూబా మీద 69.3 హెర్ట్జ్ సి షార్ప్. రెండింటినీ పట్టుకుని వీల్‌ను దాదాపు అట్టడుగున ఉంచాను. వాటి మధ్య తేడా నాలుగు హెర్ట్జ్‌కు కాస్త తక్కువ కనుక నాదం సెకనుకు సుమారు నాలుగు సార్లు ఊగుతుంది. అది చెవికి అపస్వరంలా తోచదు. ఏదో పెద్ద ప్రాణి గుహలో పడుకుని గురక పెడుతున్నట్టుంటుంది. అక్కడి నుంచి ఎనిమిది సెకన్లలో వీల్‌ను పైకి తెచ్చాను. 100 దాటాక ఆ ఊగిసలాట మీద గరుకు నాదం పేరుకుంటూ వచ్చి, 120 దగ్గర రెండు వాద్యాలన్న స్పృహే పోయి ఒకే గొంతు అయింది. దాని మీద చింబాసోతో ఎఫ్ షార్ప్ పెట్టాను. కింది సి నుంచి దాని దూరం ఆరు అర్ధస్వరాలు. మన లెక్కలో షడ్జమానికి, ప్రతి మధ్యమానికి ఉన్న దూరం. (మధ్యయుగాల్లో చర్చి ఈ దూరాన్ని నిషేధించిందని అందరూ చెప్పుకునే కథకు ఆధారం లేదు గాని, అది విన్న రాత్రి నేనూ నమ్మేసేవాణ్ణే.) ఆ తరువాత ఏడాది పాటు అడిగినవారికీ అడగనివారికీ చీకటి సంగీతానికి ఈ ఒక్క లైబ్రరీ చాలని చెబుతూ వచ్చాను.

ఇక జరిగినది చెబుతాను. ఒక చిన్న బృందం చేస్తున్న గేమ్‌లో మూడు దశలున్న బాస్‌కు సంగీతం కావాలన్నారు. మొదటి దశలో అది నిదానంగా తిరుగుతుంది, రెండో దశలో తరుముతుంది, మూడో దశలో ఒళ్లు తెలియకుండా విరుచుకుపడుతుంది. నిమిషానికి 150 బీట్ల వేగం, నాలుగేసి బీట్ల బార్లు 40 పెట్టుకున్నాను. సరిగ్గా 64 సెకన్ల లూప్ (ముగియగానే మొదటి నుంచి మళ్లీ మోగే ముక్క) అవుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిస్తే, అది 30,72,000 శాంపిళ్లు (కొలతలు), మిగులు లేకుండా. వేగం 140 అయితే లెక్క భిన్నంలో తేలుతుంది. అర శాంపిల్ తేడా ఎవరి చెవికీ అందదు గాని, పొరలన్నీ ఒకే పొడవున ఉండాలన్నప్పుడు పూర్ణసంఖ్య ఇచ్చే నిశ్చింత వేరు. చెల్లోలు, డబుల్ బేస్‌లు, మంద్రంగా ఊదే బ్రాస్ ఒక పొర. డ్రమ్ములు, గట్టి బ్రాస్ రెండో పొర. అన్నిటినీ మించిన బ్రాస్, కోరస్ మూడో పొర. మూడూ గేమ్‌లో ఒకేసారి నడుస్తుంటాయి. బాస్ బలం తగ్గేకొద్దీ పై పొరల శబ్దం తెరుచుకుంటుంది. లూప్ మొదటి బీట్ మీదే, డ్రమ్ముతో పాటు, నేను ఇంతగా మురిసిపోయిన ఆ బ్రాస్ దెబ్బ పడాలి.

నా గదిలో అది చక్కగా పడింది. గేమ్‌లో పెట్టాక బృందం నుంచి వచ్చిన మొదటి మాట, నిమిషానికొకసారి బాస్ తడబడుతున్నట్టుందని. పరీక్షిస్తున్నవారిలో ఒకరైతే ఆ తడబాటును సంకేతంగా తీసుకుని, అది వినిపించినప్పుడల్లా పక్కకు దొర్లడం మొదలుపెట్టాడట. అతనికి అది రెండు సార్లు పని చేసింది, మూడోసారి ప్రాణం తీసింది. నేను వింటే డ్రమ్ము ఒంటరిగా మోగి, ఆ వెనుక ఆలస్యంగా వచ్చిన అతిథిలా బ్రాస్ ప్రవేశిస్తోంది. మొదట గేమ్‌లోని ఆడియో వ్యవస్థను అనుమానించాను. తరువాత ఫైలు రకాన్ని అనుమానించాను. ఎంపీ3 అయితే మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం అతుక్కుని లూప్ తెగుతుంది, అయితే మేము వాడుతున్నది ఆ ఇబ్బంది లేని ఆగ్ ఫైళ్లు. రెండు రాత్రులు ఇలా గడిచాయి. మూడో రాత్రి రెండు పొరల తరంగాలను ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒక్క బీట్ తెర నిండా కనిపించేదాకా పెద్దవి చేసి చూస్తే, డ్రమ్ము శిఖరం గీత మీద ఉంది, బ్రాస్ మాత్రం గీత దాటి 90 మిల్లీసెకన్ల దూరంలో ఉంది. ఈ వేగంలో పదహారో వంతు నోటు పొడవే 100 మిల్లీసెకన్లు. అంటే ఇంచుమించు ఒక నోటు ఆలస్యం.

కారణం లైబ్రరీ మాన్యువల్ చివరి పేజీల్లోనే ఉంది. ప్రతి శాంపిల్‌లోనూ వాద్యకారుడి ఊపిరి, పెదవి కంపించడం మొదలయ్యే క్షణం కత్తిరించకుండా ఉంచేశారు. మీట నొక్కిన 90 మిల్లీసెకన్ల తరువాత గాని అసలు నాదం రాదు. కనుక ట్రాక్‌ను మైనస్ 90 మిల్లీసెకన్లు ముందుకు జరపమని రాశారు. నేను జరిపాను కూడా. అయితే నా లూప్ మొదటి బీట్ ప్రాజెక్టు మొదట్లోనే ఉంది. సున్నాకు ముందు నోటు పంపడం సాఫ్ట్‌వేర్ వల్ల కాలేదు. తక్కిన నోట్లన్నీ సరిగ్గా పడ్డాయి, ఆ మొదటి ఒక్కటే వెనుకబడింది. మామూలు పాటలో అయితే ఒక్కసారి జరిగి ఎవరికీ తెలియకుండా పోయేది. లూప్ కావడం వల్ల 64 సెకన్లకొకసారి తప్పు తనను తాను చాటుకుంది. గదిలో నాకు వినపడకపోవడానికి కారణం మరీ చిన్నబుచ్చేది: నేను ఎప్పుడూ రెండో చుట్టు నుంచే వినేవాణ్ణి.

మరమ్మతు తేలికే. లూప్‌కు ముందు రెండు ఖాళీ బార్లు వదిలి, లూప్‌ను వరుసగా రెండు సార్లు వాయించి, రెండో చుట్టును మాత్రమే కోసుకోవాలి. అలా చేస్తే మొదటి చుట్టు చివర హాల్‌లో మిగిలిన ప్రతిధ్వని కూడా రెండో చుట్టు మొదట్లో కలిసిపోయి అతుకు తెలియదు. ఈ పద్ధతి అనుభవజ్ఞులందరికీ తెలుసు; నాకు ఆ వారం తెలిసింది. ఇంతవరకు తప్పు నాదే.

అయితే అసలు ఫిర్యాదు ఆ మరమ్మతు తరువాతే మొదలైంది. 90 అన్నది సగటు. వీల్ 40కి దిగువన ఉన్నప్పుడు నాదం పలకడానికి నా కొలతలో 140 మిల్లీసెకన్ల దాకా పట్టింది. వీల్ పైచివరన 60 చాలు. మెల్లగా ఊదేవాడు మెల్లగానే మొదలుపెడతాడు, అది సహజమే. ఆ సహజత్వాన్ని కాపాడాలనే రికార్డు చేసినవారు దాన్ని ముట్టుకోలేదు. దాని ఫలితం, మొదటి దశలో మంద్రపు బ్రాస్ బీట్‌కు 50 మిల్లీసెకన్లు వెనుక, మూడో దశలో గట్టి బ్రాస్ 30 ముందు. చివరికి ఒకే వాద్యాన్ని మూడు ట్రాకులుగా విడగొట్టి, మైనస్ 140, మైనస్ 90, మైనస్ 60 అని వేర్వేరుగా జరిపి పెట్టుకున్నాను. అంటే ఏ వీల్ ఒక్క ఊపులో గురక నుంచి గర్జన దాకా తీసుకుపోతుందని ఊరంతా చెప్పుకున్నానో, బాస్ ఫైట్‌లో ఆ వీల్‌ను మూడు ముక్కలు చేసుకోక తప్పలేదు. ఒకసారి మొదలుపెట్టి సాగదీసే పొడవైన స్వరాలకే ఆ ఊపు ఇప్పటికీ దక్కుతుంది. దెబ్బ దెబ్బకీ బలం మారే లయకు అది పనికిరాదు.

తరువాత వచ్చిన అప్‌డేట్‌లో ఊపిరి భాగాన్ని కత్తిరించే ఒక బిగువు మోడ్ ఇచ్చారు. ఆలస్యం దాదాపు పోయింది. దానితోపాటు నాదం పుట్టే క్షణంలోని చీలిక కూడా పోయి, కీబోర్డు మీద నొక్కినట్టు పలుకుతోంది. వేగంగా పరిగెత్తే చిన్న నోట్లకు దాన్ని వాడుతున్నాను, పెద్ద దెబ్బలకు వాడను.

మొదట్లో చేసిన ప్రశంసలో ఇంకా కొన్ని సవరించుకోవాలి. వీల్ 90కి అటూ ఇటూగా ఉన్నప్పుడు రెండు బలాల రికార్డింగులు ఒకేసారి మోగుతాయి. ఆ నాలుగైదు అంకెల మేర వాద్యకారుల సంఖ్య రెట్టింపైనట్టు నీళ్లలో తేలే శబ్దం వస్తుంది. నెమ్మదిగా పెంచితే అది బయటపడుతుంది కనుక ఆ చోటికి టామ్‌టామ్ మోత గాని, చెల్లోల ట్రెమొలో గాని అడ్డం పెడుతున్నాను. నలుగురు కలిసి ఊదిన ట్రాంబోన్ల ప్యాచ్‌తో (లైబ్రరీలో ఎంచుకునే వాద్యపు అమరికతో) మూడు స్వరాల గుత్తి పట్టుకుంటే పన్నెండు మంది ఊదినట్టవుతుందన్న సంగతి కూడా ఆలస్యంగానే తలకెక్కింది. పెద్దదనం వచ్చింది గాని ముఖం పోయింది. ఇప్పుడు గుత్తులకు ఒంటరి వాద్యాల ప్యాచ్‌లే వాడుతున్నాను. పైగా అందరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది: పొడవైన స్వరాలకు అన్నిటికంటే గట్టిగా ఊదిన స్థాయిలో ఒకే ఒక్క రికార్డింగు ఉంది. ఒక పాటలో అది తెలియదు. అదే బాస్ చేతిలో ఇరవై సార్లు చచ్చిన ఆటగాడికి ఆ గర్జనలోని ప్రతి మలుపూ కంఠతా వచ్చేస్తుంది, వచ్చాక దానికి భయపడడు. అందుకని చివరి దశ వరకు వీల్‌ను 110 దాటనివ్వకుండా ఆపుతున్నాను. ఆటగాడు ఎక్కువసార్లు చనిపోయేది మొదటి రెండు దశల్లోనే కాబట్టి, మూడో దశలో గర్జన కాస్త కొత్తగా మిగులుతుంది.

కొనమంటారా అని అడిగేవారికి సూటిగా అవునని చెప్పలేను. నేను ఒంటరిగా, చిన్న బృందాలకు, ఎక్కువగా హెడ్‌ఫోన్లలో వింటూ పనిచేస్తాను. నేను మోజుపడ్డ 65 హెర్ట్జ్ ఊగిసలాట ఫోన్ స్పీకర్లలో అసలు పలకదు. అక్కడ వినిపించేది పైనున్న హార్మోనిక్స్ మాత్రమే. మీ ఆటగాళ్లు ఫోన్లలో ఆడేవారైతే నా మురిపెంలో సగం మీకు అక్కరకు రాదు. నిదానంగా పెరిగే, వాతావరణం కమ్ముకునే తరహా సంగీతం మీదైతే నా కంటే మీకే ఇది ఎక్కువ పనికొస్తుంది, ఆలస్యాల గొడవ మీ దాకా రాకపోవచ్చు. ఊదగలిగిన వాద్యకారుడు ఒక్కరు అందుబాటులో ఉన్నా, శాంపిళ్ల మీద ఆ ఒక్క బేస్ ట్రాంబోన్‌ను కలిపితే వచ్చే తేడా ముందు నా మూడు ట్రాకుల లెక్కలు దిగదుడుపే. నాకు అలాంటివారు లేరు. గడువు దగ్గరున్నప్పుడు లెక్కలు చేసే ఓపికైతే ఉంది, అందువల్లే బహుశా ఇంకా దీన్నే వాడుతున్నాను.

ఇప్పుడు చేస్తున్న బాస్ నీటి అడుగున ఉంటుంది. పెద్ద దెబ్బలు తక్కువ, పొడవైన స్వరాలు ఎక్కువ. సి, సి షార్ప్ మళ్లీ పట్టుకున్నాను, వీల్‌ను ముక్కలు చేయకుండా ఒకే ట్రాకులో. ప్రాజెక్టు మొదట్లో రెండు బార్లు మాత్రం ఖాళీగానే ఉన్నాయి.