బొమ్మలూ వివరణలూ ఉన్న ‘లిటిల్ డోరిట్’

చార్లెస్ డికెన్స్ నవల ‘లిటిల్ డోరిట్’ను నేను రెండుసార్లు కొనవలసి వచ్చింది. మొదట ఆన్‌లైన్‌లో చవకగా కనిపించిన ప్రతిని తెప్పించుకున్నాను. దానిలో బొమ్మలు లేవు, పీఠిక లేదు, కొన్నిచోట్ల పేరాలు వాక్యం మధ్యలోనే తెగిపోయి ఉన్నాయి. 300వ పుట దాటకముందే జిగురు వదిలి కాగితాలు విడివిడిగా చేతికి వచ్చాయి. ఏడాది తర్వాత, దానికి దాదాపు మూడింతల వెల పెట్టి, విద్యార్థులనూ తీరికగా చదువుకునేవారినీ దృష్టిలో పెట్టుకుని కూర్చిన సవివరణ ప్రతిని కొన్నాను. ఈ సమీక్ష ఆ రెండో ప్రతి గురించి. నవల అదే అయినప్పుడు అంత డబ్బు ఎందుకు పెట్టాలని అడిగే మిత్రులకు నేను నోటిమాటగా చెప్పే జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండో ప్రతి 1000 పుటలకు పైబడిన పేపర్‌బ్యాక్. 70 అధ్యాయాల నవల పూర్తి పాఠంతో పాటు, ఫిజ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన హాబ్లో నైట్ బ్రౌన్ గీసిన 40 బొమ్మలు, 1857 నాటి డికెన్స్ పీఠిక, సంపాదకుల ముందుమాట, వెనుక దాదాపు 60 పుటల వివరణలు ఉన్నాయి. నవల రాస్తూ డికెన్స్ ఏ నెలకు ఆ నెల కాగితం మీద వేసుకున్న పథకాల పాఠం కూడా చివర ఇచ్చారు. వీటి మూలప్రతులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఫలానా పాత్రను ఈ నెల తీసుకురావాలా వద్దా అని తనను తానే ప్రశ్నించుకుని, ఆ పక్కనే జవాబు రాసుకునే ఆయన అలవాటు ఈ పుటల్లో కనిపిస్తుంది.

ఈ నవల 1855 డిసెంబరు నుంచి 1857 జూన్ వరకు నెలనెలా ఒక షిల్లింగు వెలతో చిన్న సంచికలుగా వెలువడింది. ఏ అధ్యాయం దగ్గర ఏ నెల సంచిక ముగిసిందో ఈ ప్రతిలో ఒక చిన్న గుర్తుతో చూపించారు. వారపత్రికల్లో సీరియళ్లు చదువుతూ పెరిగిన తెలుగు పాఠకులకు ఆ గుర్తు విలువ వేరే చెప్పనక్కరలేదు. కథ ఎక్కడ ఆగింది, తరువాయి భాగం కోసం జనం ఏం తలుచుకుంటూ నెల రోజులు గడిపి ఉంటారు అన్నది తెలిస్తే చదివే తీరే మారిపోతుంది. పదో సంచిక చివరి ఘట్టమే తీసుకోండి. 20 ఏళ్లకు పైగా అప్పు కింద జైలులో మగ్గిన డోరిట్ కుటుంబం, అనుకోకుండా ఆస్తి కలిసివచ్చి, గుర్రపు బళ్లెక్కి అట్టహాసంగా బయలుదేరుతుంది. ఆ సందడిలో ఇన్నాళ్లూ తమ కడుపు నింపిన చిన్న కూతురు ఏమీ (Amy, నవల పేరులోని ‘లిటిల్ డోరిట్’ ఈమే) తమతో లేదన్న ధ్యాసే ఎవరికీ ఉండదు. ఆమె పైగదిలో, పాత బట్టలతోనే, స్పృహ తప్పి పడి ఉంటుంది. కుటుంబ మిత్రుడు ఆర్థర్ క్లెన్నమ్ ఆమెను చేతుల మీద మోసుకొచ్చి బండిలో చేరుస్తాడు. 1856 సెప్టెంబరు పాఠకులు ఆ దృశ్యం దగ్గరే ఒక నెల ఆగవలసి వచ్చింది. నా మొదటి ప్రతిలో నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా పుట తిప్పేశాను.

ఈ నవలలోని సమాజ విమర్శ అనగానే అందరూ చెప్పేది సర్కమ్లొక్యూషన్ ఆఫీసు గురించి. ఏ పనినైనా ఎలా చేయకుండా ఉండాలో తెలిసిన ఆ ప్రభుత్వ కార్యాలయం, దాన్ని తరతరాలుగా అంటిపెట్టుకున్న బార్నకిల్ వంశం, తన యంత్రానికి గుర్తింపు కోసం ఏళ్ల తరబడి తిరిగి అలసిన డేనియల్ డాయిస్ మనకు వెంటనే అర్థమవుతారు. వాటి వెనుక ఉన్న సందర్భాన్ని వివరణలు చక్కగా విప్పి చెబుతాయి. క్రిమియా యుద్ధంలో పరిపాలన అసమర్థత వల్ల సైనికులు పడిన బాధలు, 1855 జూన్ 27న పరిపాలనా సంస్కరణ సంఘం సభలో డికెన్స్ చేసిన ప్రసంగం, ‘ఎవరి తప్పూ కాదు’ అనే అర్థం వచ్చే పేరును ఆయన మొదట ఈ నవలకు అనుకోవడం, వీటన్నిటినీ కలిపి చూసినప్పుడు ఆ కోపం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. అయినా ఆ కార్యాలయం గురించిన అధ్యాయాలు ఈ నవలలో అత్యుత్తమమైనవని నేను అనుకోను. అక్కడ విమర్శ బయటినుంచి వస్తుంది. మనం చదువుతూ తల ఊపుతాం, నవ్వుతాం, మన నెత్తి మీదికి మాత్రం ఏమీ రాదు. అంతకు ముందు 1854లో వచ్చిన ‘హార్డ్ టైమ్స్’లోనూ నాకు ఇదే లోటు కనిపించింది. అందులో వాస్తవాలే సర్వస్వమనే గ్రాడ్‌గ్రైండ్ ఒక వాదాన్ని మోయడానికి పుట్టిన మనిషి, ఆ వాదం ఓడిపోయేదాకా అతనికి సొంత ఊపిరి ఆడదు.

ఏమీ తండ్రి విలియం డోరిట్ అలాంటివాడు కాడు. మార్షల్సీ అనే అప్పుల జైలులో ఏళ్ల తరబడి ఉండి, అందరికంటే పాతకాపు అయినందువల్ల ‘మార్షల్సీ పితామహుడు’గా చలామణీ అవుతున్న పెద్దమనిషి ఆయన. కొత్త ఖైదీలు వచ్చి ఆయనకు నమస్కరించాలి, విడుదలై పోయేవారు కవరులో కొంత డబ్బు పెట్టి ఇచ్చిపోవాలి. దాన్ని దానం అనకూడదు, అభిమానులు ఇచ్చే కానుక అనాలి. ఒకరోజు సున్నపు పనిచేసే ఒక మేస్త్రీ విడుదలై పోతూ, ఆయన మీద గౌరవంతోనే, గుప్పెడు రాగి నాణేలు ఆయన చేతిలో పెడతాడు. అంతవరకు ఆ చేతిలో ఎవరూ నేరుగా రాగి పెట్టలేదు. ఆ రాగి డబ్బులు తన పిల్లల చేతుల్లో పడిన సందర్భాలూ, వాటితో కొన్న తిండి తాను తిన్న సందర్భాలూ ఉన్నాయి, ఆ సంగతి ఆయనకు తెలియనిదీ కాదు. ఎంత ధైర్యం నీకని మండిపడి, వెంటనే ఏడుస్తాడు. ఆ మేస్త్రీ ఆయన ముఖం పదిమందికీ కనిపించకుండా మెల్లగా గోడ వైపు తిప్పుతాడు. ఆ రాత్రి ఆయన ఆవరణ చీకట్లో చాలాసేపు దిగులుగా పచార్లు చేస్తుంటే తోటి ఖైదీలు ఏమైందోనని ఆశ్చర్యపోతారు. ఇంగ్లీషు విమర్శకులు ఈ మనిషి గురించి రాయడానికి ఎన్నో మాటలు వాడతారు, మనకు ‘పరువు’ అనే ఒక్క మాట చాలు.

ఆ పరువు ఎవరి కష్టం మీద నిలబడుతున్నదో చూపించేది మొదటి భాగం 19వ అధ్యాయం. డోరిట్ కూతురు ఏమీ మీద జైలు ఉద్యోగి చివరీ కొడుకు జాన్ మనసు పడ్డాడు, ఆమె ఒప్పుకోలేదు. అప్పటినుంచి జాన్ తండ్రి చివరీ డోరిట్ పట్ల ముభావంగా ఉంటున్నాడు. ఆ మర్యాద తగ్గితే డోరిట్‌కు బతుకు గడవదు. అందుకని రాత్రి భోజనం దగ్గర, తనకు తెలిసిన ఎవరో కెప్టెన్ కథ చెబుతున్నట్టుగా, ఆ కుర్రవాడిని కాస్త ఓర్చుకోరాదా అని కూతురికి సూచిస్తాడు. ఆమె ఒక్క మాట మాట్లాడదు. ఆ మౌనంలో తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆయనకే అర్థమై, సిగ్గుతో కుంగి, ఆ సిగ్గును తన మీద తాను జాలిపడటంగా మార్చుకుంటాడు. చివరికి ఓదార్చవలసింది కూతురే అవుతుంది. తాను పనిచేసే చోట పెట్టిన మాంసం తినకుండా దాచి తెచ్చి తండ్రికి పెట్టేదీ ఆమే. అప్పు తీర్చలేనివాణ్ణి బంధించి, సంపాదించే దారి కూడా మూసేసే చట్టం మీద ఎన్ని కరపత్రాలు వేసినా, ఈ భోజనాల బల్ల దగ్గర జరిగిన నేరాన్ని అవి చూపించలేవు.

తర్వాత కొన్ని అధ్యాయాలకు, అనాథ పేదల ఆశ్రమంలో ఉండే వృద్ధుడు నాండీ చూడవస్తే, డోరిట్ ఆయనను ఎంతో దయగా ఆదరిస్తాడు. అయితే తమతో పాటు బల్ల దగ్గర కాకుండా, కిటికీ గట్టు మీద వార్తాపత్రిక పరిచి అక్కడ టీ ఇప్పిస్తాడు. ఆశ్రమపు దుస్తుల్లో ఉన్న ఆయన చేయి పట్టుకుని తన కూతురు వీధిలో నడిచి వచ్చిందని కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఈ ఘట్టానికి ఫిజ్ వేసిన బొమ్మ ఉన్న పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బల్లకూ కిటికీకీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల దూరం కంటికి కనిపించినప్పుడు, తన కంటే కింద ఒకడు ఉండటం డోరిట్‌కు ఎంత అవసరమో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

రెండో భాగం ‘సంపద’లో ఈ కుటుంబం వెనిస్, రోమ్ నగరాల్లో తిరుగుతుంది. పెదవుల ఆకారం కుదురుగా ఉండాలంటే ఏయే మాటలు పలకాలో ఏమీకి నేర్పడానికి మిసెస్ జనరల్‌ను పెట్టుకుంటారు. ఎంత దూరం వెళ్లినా జైలు డోరిట్‌తోనే ఉంటుంది. రోమ్‌లో బ్యాంకరు మెర్డిల్ భార్య శ్రీమతి మెర్డిల్ ఇచ్చిన ఘనమైన విందులో ఆయన మతి చెదురుతుంది. లేచి నిలబడి, అక్కడున్న సంపన్నులను కొత్తగా వచ్చిన ఖైదీలనుకుని, మార్షల్సీకి స్వాగతం చెబుతాడు, కానుకల విషయం కూడా మర్యాదగా గుర్తుచేస్తాడు. ఇది రెండో భాగం 19వ అధ్యాయంలో జరుగుతుంది. మొదటి భాగంలో ఆయన కూతురి ముందు కుప్పకూలిందీ 19వ అధ్యాయంలోనే. ఈ సామ్యం నాకు వెనుక ఉన్న నెలవారీ పథకాలను తిరగేస్తున్నప్పుడే కంటపడింది.

లండన్ అంతా చేతులు జోడించిన బ్యాంకరు మెర్డిల్ కథకు, 1856 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్న ఐరిష్ బ్యాంకరు జాన్ శాడ్లియర్ ఉదంతం ప్రేరణ అని వివరణలు చెబుతాయి. నవలలో నాకు గుర్తుండిపోయింది అంతకన్నా చిన్న విషయం. మెర్డిల్ ఒక సాయంత్రం కోడలు, ఏమీ అక్క అయిన ఫానీ ఇంటికి వచ్చి చిన్న చాకు కావాలని అడుగుతాడు, పిడి కాస్త ముదురు రంగుదైతే మేలంటాడు, తాబేటి చిప్ప పిడి ఉన్నది ఇస్తే సిరా మరక పడనివ్వనని మాట ఇచ్చి తీసుకుపోతాడు. ఆ చాకు ఎందుకో మనకు తర్వాతి అధ్యాయంలో తెలుస్తుంది.

ఏమీ డోరిట్ మరీ మంచిది, నిజమైన మనిషిలా లేదు అనేవారు ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. తండ్రి విడుదల ఖాయమైన రోజున ఆర్థర్ ఆమెతో, ముందుగా పాత అప్పులన్నీ తీర్చేస్తారని చెబుతాడు. ఇన్నేళ్ల జీవితాన్ని ఇచ్చుకున్నాక మళ్లీ డబ్బు కూడా చెల్లించడం అన్యాయంగా ఉంది కదా, ప్రాణంతోనూ సొమ్ముతోనూ రెండుసార్లు తీర్చాలా అని ఆమె అడుగుతుంది. జైలు ఆమె మనసు మీద వేసిన ఒకే ఒక మచ్చగా ఆర్థర్ దాన్ని భావిస్తాడు, కథకుడూ అతని పక్షానే ఉన్నట్టుంది. నాకు మాత్రం ఆ రోజు ఆ గదిలో న్యాయం మాట్లాడింది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. నవల మొత్తంలో అంతటి పదునైన ప్రశ్నను డికెన్స్ తన పాత్రలన్నిటిలోకీ అతి మెత్తని మనిషి నోట పెట్టాడు.

నవలలో లోపాలు లేకపోలేదు. రిగో అనే దుర్మార్గుడి వ్యవహారం, ఆర్థర్‌ను పెంచిన మిసెస్ క్లెన్నమ్ దాచిన వీలునామా రహస్యం ముడిపడీ విడిపడీ చివరికి విసుగు తెప్పిస్తాయి. ఆ భాగాన్ని రెండుసార్లు చదివినా వెంటనే మరిచిపోయాను. ప్రతికీ లోపాలున్నాయి. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవారు పగటి వెలుగులో చదువుకోవడం మంచిది. కాగితం పలుచనిది కావడంతో ఫిజ్ నల్లని నీడలతో తీర్చిన కొన్ని బొమ్మలు మసిబారినట్టు వచ్చాయి. వివరణలు పుట అడుగున లేక వెనుక ఉన్నాయి కాబట్టి రెండు గుర్తు కాగితాలు పెట్టుకోక తప్పదు. అయితే కుట్టు గట్టిది, రెండేళ్లుగా చేతులు మారినా ఒక్క కాగితం ఊడలేదు. కథ మాత్రమే తెలుసుకోవాలనుకునేవారికి ఇంత పుస్తకం అక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండును, అప్పు అనే మాట మనిషికి ఏం చేస్తుందో అన్న విషయాన్ని నిదానంగా అర్థం చేసుకోవాలనుకునేవారు పెట్టిన డబ్బుకు చింతించరు.

ఒక సూచన. 1857 నాటి పీఠికను ముందు వేశారు గానీ, దాన్ని నవల ముగించాకే చదవండి. మార్షల్సీ జైలు 1842లోనే మూతబడింది. అందులో తన తండ్రి 1824లో అప్పు కింద ఉన్నాడని, పన్నెండేళ్ల వయసులో తాను బూటు పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశానని డికెన్స్ తన పాఠకులకు ఎన్నడూ చెప్పలేదు. 1870లో ఆయన మరణించాక, మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర ద్వారానే లోకానికి అది తెలిసింది. నవల ముగిస్తూ ఆయన ఆ జైలులో ఏం మిగిలిందో చూడటానికి వెళ్లి, ముందు ఆవరణ వెన్న అమ్మే దుకాణంగా మారిపోయి ఉండటం చూస్తాడు. తాను ఎన్నడూ చూడనంత పెద్ద పసిబిడ్డను ఎత్తుకుని ఎదురైన ఒక చిన్న కుర్రవాడు ఆ చోటు గురించి అంతా చెబుతాడు. లిటిల్ డోరిట్ పుట్టిన గదిగా తాను ఊహించుకున్న గది కిటికీని చూపి, అందులో ఇప్పుడు ఎవరుంటున్నారని డికెన్స్ ఆ కుర్రవాడిని అడుగుతాడు. వాడు అక్కడ అద్దెకుంటున్న మనిషి పేరు చెబుతాడు.