డబ్బులిచ్చే ముందు ఆర్‌టీడీని ఐస్‌లో ముంచి చూడండి

రాణిగంజ్‌లో ఆ షాపు మీలో చాలామందికి తెలిసిందే, పేరు రాయను. మా డెయిరీకి పోయిన వారం అక్కడే ఆరు పీటీ 100 సెన్సర్లు తీసుకున్నాను. ఆర్‌టీడీలంటే ఇవే, రెసిస్టెన్స్ మారేదాన్ని బట్టి టెంపరేచర్ చెప్పేవి. క్లాస్ ఎ (కచ్చితత్వం ఎక్కువున్న రకం), మూడు వైర్లు, ఎస్‌ఎస్ 316 స్టీలు గొట్టం, ఒక్కోదానికి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపున్న ల్యాబ్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అన్నాడు షాపువాడు. ఒక్కోటి 2,400 రూపాయలు. నిన్న రాత్రి షిఫ్ట్‌లో పాత సెన్సర్ పోయింది. ప్లాంటు ఆగకూడదన్న టెన్షన్‌లో కొత్తది తీసి నేరుగా బిగించేశాను. చెక్ చేయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

బిగించింది ఎక్కడో తెలుసా? పాశ్చరైజర్‌లో కాగిన పాలను కాసేపు అదే వేడిలో ఉంచే హోల్డింగ్ ట్యూబ్ చివర. పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉండాలి. వేడి తగ్గితే డైవర్షన్ వాల్వ్ తిరిగి పాలను మొదట్లో ఉండే బ్యాలెన్స్ ట్యాంక్‌కి వెనక్కి పంపేయాలి. ఆ వాల్వ్‌కి ఆధారం ఈ సెన్సరే. పొద్దున పక్కనున్న గాజు థర్మామీటర్ చూస్తే 70 కూడా లేదు. కంట్రోలర్ మాత్రం 72.1 చూపిస్తోంది. గుండె ఝల్లుమంది. పాలు ఇంకా సైలో ట్యాంకులోనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మొత్తం మళ్లీ పాశ్చరైజ్ చేయించాం. ఇంకో గంట ఆగితే ప్యాకెట్లలోకి వెళ్లిపోయేవి.

సెన్సర్ ఊడదీసి, ఫ్లాస్కులో నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్లు పోసి ముంచాను. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు రావాలి. క్లాస్ ఎ అంటే తేడా 0.15 డిగ్రీ దాటకూడదు. కేబుల్ రెసిస్టెన్స్ తీసేశాక కూడా 100.9 వచ్చింది. డిగ్రీకి సుమారు 0.39 ఓమ్ లెక్కన చూస్తే రెండు డిగ్రీలకు పైగా ఎక్కువ చూపిస్తోంది. కేబుల్ బిగించే గ్లాండ్ వెనక, వైర్ల మీది స్లీవ్ కోసి చూశాను. మూడో వైరును అక్కడే రెండో వైరుతో మెలేసి వదిలేశారు. లోపలికి వెళ్లేవి వెంట్రుకంత సన్నటి రెండు తీగలే. తీగ రెసిస్టెన్స్‌ను లెక్కలోంచి తీసేయడానికే మూడో వైరు పెట్టేది, దాన్ని మధ్యలోనే ఆపేస్తే అక్కడి నుంచి లోపలికి వెళ్లే తీగల రెసిస్టెన్స్ అంతా టెంపరేచర్‌లో కలిసిపోతుంది. తర్వాత ఆరు సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టాను. సీరియల్ నంబర్లు వేరు, రీడింగులు మాత్రం పరీక్షించిన మూడు పాయింట్ల దగ్గరా చివరి అంకె దాకా ఒకటే.

మధ్యాహ్నం షాపుకెళ్లి కోసిన సెన్సర్ కౌంటర్ మీద పెట్టాను. అతను దానివైపు కూడా చూడలేదు. ఫోన్ చూసుకుంటూనే, "పాలకే కదా అన్నా, రాకెట్‌కా? రెండు డిగ్రీలకు ఎవరు చస్తారు?" అన్నాడు. కోసింది మీరే కాబట్టి వాపసు తీసుకోనన్నాడు. మిగతా ఐదు కొయ్యలేదు కదా అంటే, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదని బిల్లు మీద ఉంది చూసుకో అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. 14,400 పోతే పోయాయి. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మా పాలు పొద్దున్నే పసిపిల్లల సీసాల్లోకి వెళ్తాయి. మా ఇంట్లో పాప తాగేదీ అవే.

కొనేవాళ్లు మల్టీమీటర్, ఫ్లాస్కులో ఐసు వెంట తీసుకెళ్లండి. మూడు వైర్లలో రెండు ఎరుపు, ఒకటి తెలుపు ఉంటాయి. సెన్సర్‌ను ఐసులో ముంచి, ఎరుపు, తెలుపు వైర్ల మధ్య వచ్చినదాంట్లోంచి రెండు ఎరుపుల మధ్య వచ్చింది తీసేస్తే 100 రావాలి. సర్టిఫికెట్ ఇచ్చిన ల్యాబ్ ఎన్‌ఏబీఎల్ సైట్‌లో ఉందో లేదో అక్కడే నిలబడి వెతకండి. నాకిచ్చిన కాగితాల మీది ల్యాబ్ అందులో లేదు.