బడిలో కొన్న 24 వేల ట్యాబ్ ఎలా ఉంది?

ముందే చెప్తున్నా, ట్యాబ్ చెడ్డది కాదు. తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో నాది సెల్ రిపేరు షాపు. రోజూ ఇలాంటివి విప్పి బిగిస్తూనే ఉంటాను. తెర బాగుంది, బ్యాటరీ పొద్దున బడికీ సాయంత్రం హోంవర్కుకీ సరిపోతుంది, రబ్బరు కవరు గట్టిది. కంపెనీ పేరు ఎందుకులెండి. యంత్రం వరకు ఐదుకి మూడున్నర మార్కులు. మా పాప చదివే సీబీఎస్‌ఈ బడివాళ్ళు దాన్ని అమ్మిన పద్ధతికి మాత్రం ఒక్కటి కూడా ఎక్కువే.

ఏడో తరగతిలో చేరేటప్పుడు కట్టించుకున్నది 24,000. అదే మోడల్ నాకు హోల్‌సేల్‌లో 13,000 లోపే వస్తుంది. మిగతాది దేనికి అంటే కవరుకి, పాఠాల యాప్ మూడేళ్ళ లైసెన్సుకి అన్నారు. ట్యాబ్ నేనే తెచ్చుకుంటాను, యాప్ డబ్బులు కడతాను అంటే ఒప్పుకోలేదు. "కంపల్సరీ ఏం కాదు సార్, కాకపోతే క్లాసులో అందరూ తీసుకుంటున్నారు" అంది ఫీజు కౌంటర్లో అమ్మాయి. ఆ మాట విన్నాక ఏ తల్లిదండ్రులు వద్దంటారు? పుస్తకాలు, నోటుబుక్కులు, యూనిఫాంలు బడిలోనే కొనాలని ఒత్తిడి చెయ్యొద్దని సీబీఎస్‌ఈ 2017లోనే బడులకు చెప్పింది. ఇప్పుడు ఒత్తిడి అనరు, ప్యాకేజీ అంటారు.

అసలు కథ బిల్లుతో మొదలైంది. వానాకాలంలో ఛార్జింగ్ పిన్ లూజయింది. కేబుల్ కాస్త వంచి పట్టుకుంటే ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది. నా బల్ల మీద పెడితే అరగంట పని. కానీ విప్పితే వారంటీ పోతుంది కదా అని సర్వీస్ సెంటరుకు పట్టుకెళ్ళాను. వాళ్ళు బిల్లు అడిగారు. నా దగ్గరున్నది బడివాళ్ళిచ్చిన తెల్ల చీటీ. దాని మీద "డిజిటల్ లెర్నింగ్ కిట్" అని ఒక్క లైను, కింద మొత్తం, ఒక రబ్బరు స్టాంపు. సీరియల్ నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. ట్యాబ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది ఎవరు కట్టారో ఆ చీటీ చూస్తే తెలియదు. కొండమీద హుండీలో వేసినదానికి రసీదు అడగం గానీ, ట్యాబ్‌కి అడుగుతాం కదా! బడికి పోయి అడిగితే వెండర్‌తో మాట్లాడుకోమన్నారు, వెండర్ ఫోనెత్తడు. చివరికి నేనే విప్పి పిన్ మార్చాను. నాకైతే పని తెలుసు, మిగతా పిల్లల తల్లిదండ్రులు ఏం చెయ్యాలి?

ఇక లాక్ సంగతి. ఇందులో ఎండీఎం లాక్ ఉంది, అంటే ట్యాబ్ తాళం దూరంగా యాప్ కంపెనీ చేతిలో ఉంటుంది. యూట్యూబ్ రాకపోవడం మంచిదే, ఆ మాట మా ఆవిడ కూడా అంటుంది. కానీ ప్లే స్టోర్ లేదు, బ్రౌజర్ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలన్నీ వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. ప్రభుత్వానిదే దీక్షా అనే పాఠాల యాప్ ఉంది, అదీ ఉచితమే. రెండూ ఇందులో తెరుచుకోవు. పైగా ఈ యాప్‌లో సైన్సు పుస్తకం అంటూ చూపిస్తున్నది ఆ ఎన్‌సీఈఆర్‌టీ పేజీలే, మూల మీద బడి లోగో అతికించారు.

బాగున్నవీ ఉన్నాయి. లెక్కల వీడియోలు నిజంగా బాగా చేశారు. కోణాలు, త్రిభుజాలు కదిలించి చూపిస్తుంటే పాప అర్థం కానిచోట వెనక్కి తిప్పుకుని మళ్ళీ వింటుంది. పరీక్ష రాయగానే ఎక్కడ తప్పిందో యాప్ చెప్తుంది. తెలుగు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. స్కాన్ చేసిన పేజీలు పెట్టారు, పెద్దది చేస్తే ఒత్తులన్నీ మసక. "నాయనా, ఇది పుస్తకంలోనే చదువుకుంటాలే" అని పక్కన పెట్టేసింది.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. ట్యాబ్ వస్తే బ్యాగు బరువు తగ్గుతుందని మీటింగులో చెప్పారు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు పాలసీ ప్రకారం బ్యాగు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. పాప 34 కిలోలు. పక్క కిరాణా కొట్టు కాటా మీద బ్యాగు పెడితే ఆరు కిలోలు దాటింది. పుస్తకాలేవీ తగ్గలేదు, ట్యాబ్ అదనం.

మూడేళ్ళ లైసెన్సుకి ముందే డబ్బు కట్టడం కూడా నాకు నచ్చలేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో ట్యాబులు ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో అంత పెద్ద కంపెనీ మరొకటి లేదన్నట్టు చెప్పుకున్నారు. 2024 జులై వచ్చేసరికి అది దివాలా కేసులో ఉంది. మా బడి యాప్ కంపెనీ దానిముందు ఏపాటిది? అది మూతపడితే ఎండీఎం లాక్ తీసేదెవరు? అడిగాను. "అలా జరగదు సార్" అన్నారు.

కొనబోయేవాళ్ళు సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. తెర పగిలితే ఖర్చు ఎవరిది, పదో తరగతి అయ్యాక లాక్ తీసిస్తారా అన్నవి నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకోండి.

మావాడు పై ఏడాది ఆరుకు వస్తాడు. వాడికి బయట కొన్న ట్యాబ్ ఇస్తాను, యాప్ ఒక్కటి వేసివ్వండి అని లెటర్ రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుని వచ్చాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.