ప్రెస్ కార్డుతో కలిపి అమ్మే సిటిజన్ జర్నలిజం కోర్సు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

డబ్బు కట్టబోయే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. సిటిజన్ జర్నలిస్ట్ (ఫోన్‌తో తానే వార్తలు సేకరించే మామూలు పౌరుడు) ప్యాకేజీ పేరుతో ఆన్‌లైన్‌లో ఓ కోర్సు అమ్ముతున్నారు. వీడియో పాఠాలు, సర్టిఫికెట్, మెడలో వేసుకునే ప్రెస్ కార్డు, మన వార్తలు వేసుకోవడానికి వాళ్ల వెబ్‌సైట్‌లో చోటు, అన్నీ కలిపి ఒకే ఫీజు. నేను కొన్నాను, మోసపోయాను. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్లీ రావడం వాళ్లకు పెద్ద పని కాదు, అందుకే పద్ధతి గుర్తుపెట్టుకోండి.

ఆ ప్రకటనలో చూపించిన సంఘటనలన్నీ నిజంగా జరిగినవే. నేను నమ్మడానికి కారణం కూడా అదే. 2009 జనవరిలో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద విమానం దిగినప్పుడు, సాయానికి వెళ్తున్న పడవలోంచి ఓ ప్రయాణికుడు ఫోన్‌తో తీసిన ఫోటో. 2020 మేలో అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద పోలీసు అధికారి మోకాలితో నొక్కి ప్రాణం తీస్తుంటే డార్నెల్లా ఫ్రేజియర్ తీసిన వీడియో. వరసగా ఇవన్నీ చూపించి, చివర్లో "తర్వాత మీరే" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. అదే ఊపులో డబ్బు కట్టేశాను.

ఆ రోజు నాకు తట్టని విషయం ఒకటుంది. ఫ్రేజియర్‌కి అప్పుడు 17 ఏళ్లు. చిన్న పిల్ల అయిన కజిన్‌ని వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరింది, అంతే. మెడలో కార్డు లేదు, చేతిలో సర్టిఫికెట్ లేదు. ఆ రోజు పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో అది ఆరోగ్య సమస్యతో జరిగిన మరణం అన్నట్టుగా రాశారు. మెడ మీద మోకాలు సంగతే అందులో లేదు. ఆ అమ్మాయి వీడియో బయటికి రాకపోతే ఆ ప్రకటనే నిజంగా మిగిలిపోయేదేమో. 2021లో జర్నలిజం అవార్డులిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది కూడా కదలకుండా నిలబడి చివరిదాకా తీసిన ఆ ధైర్యానికే. అలాంటి అమ్మాయిని చూపించి మనకు కార్డు అమ్మడం నాకు చాలా బాధగా అనిపించింది.

ఇక ఆ కార్డు సంగతి. మందపాటి ప్లాస్టిక్, ఎర్రటి పెద్ద అక్షరాలతో ప్రెస్ అని, మూలన మెరిసే స్టిక్కరు. చూడ్డానికి బాగానే ఉంది. వచ్చిన కొన్నాళ్లకే మాకు దగ్గర్లో ఓ గోడౌన్ తగలబడింది. కార్డు మెడలో వేసుకుని పరుగెత్తాను. తాడు కట్టి జనాన్ని ఆపుతున్న పోలీసు కార్డు చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. "ఏ పేపరు?" అన్నాడు. వెబ్‌సైట్ పేరు చెప్పాను. వెనకవైపు అడుగున ఉన్న చిన్న అక్షరాలు వేలితో చూపించాడు. ఈ కార్డు వల్ల ఎలాంటి ప్రత్యేక హక్కులూ రావు అని ఉంది. అప్పటిదాకా ఆ లైను నేనే చదవలేదు. "వెనక్కి జరగండి" అన్నాడు. జరిగాను. ఎదురు మేడ మీద ఓ ఆవిడ తన ఫోన్‌తో తీస్తూ కనిపించింది. నాకంటే ఆవిడకే అంతా బాగా కనబడుతోంది.

తాడు ఇవతల నుంచే నేనూ కొంత తీసి, ఆ సైట్‌లో అప్‌లోడ్ చేశాను. సాయంత్రానికి ఓ టీవీ ఛానెల్లో నా వీడియో, మూలన వాళ్ల లోగో. నా పేరు ఎక్కడా లేదు. మెయిల్ పెడితే, నేను టిక్ చేసిన షరతుల్లోంచి ఒక పేరా కాపీ చేసి పంపారు: అప్‌లోడ్ చేసిన ప్రతిదాని మీదా వాళ్లకు శాశ్వతమైన, వెనక్కి తీసుకోలేని హక్కు ఉంటుందట, ఇతరులకు అమ్ముకునే హక్కుతో సహా. దయచేసి ఈ పేరా కోసం వెతికాకే ఎక్కడైనా టిక్ చేయండి. మన ఫోటో మనదే అని గట్టిగా నిలబడితే గెలిచిన సందర్భాలున్నాయి. 2010 హైతీ భూకంపం ఫోటోలను డానియల్ మొరెల్ అనే ఫోటోగ్రాఫర్ ట్విటర్‌లో పెడితే, వార్తా సంస్థ ఏఎఫ్‌పీ, ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ అనుమతి లేకుండా వాడుకున్నాయి. ఆయన కోర్టుకెళ్లారు. 2013లో జ్యూరీ ఆయనకు సుమారు 12 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. నేనేమో హక్కులన్నీ ముందే రాసిచ్చేశాను, అదీ నేనే ఎదురు డబ్బు కట్టి.

ఈ ఎదురు డబ్బు దగ్గరే మోసం తెలిసిపోవాలి. 2000లో దక్షిణ కొరియాలో ఓ యోన్-హో అనే జర్నలిస్టు "ప్రతి పౌరుడూ విలేకరే" అంటూ ఓమైన్యూస్ అనే వార్తా వెబ్‌సైట్ మొదలుపెట్టినప్పుడు 727 మంది పౌర విలేకరులతో బయల్దేరారు. వాళ్లు రాసింది ఎడిటర్లు సరిచూసేవాళ్లు, ప్రచురించిన వాటికి చిన్నదో పెద్దదో పారితోషికం ఇచ్చేవాళ్లు. వార్త రాసేవాడి దగ్గరే ఫీజు తీసుకోవడం అక్కడ లేదు. నేను కొన్నచోట నేను రాసింది చదివిన ఎడిటరే లేడు. ఓసారి తేదీ తప్పు రాస్తే అదే తప్పుతో వెళ్లిపోయింది.

పాఠాల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. కెమెరా ఎలా పట్టుకోవాలి, థంబ్‌నెయిల్ ఎలా పెట్టాలి, ఇంతే. కానీ ఒక పాఠం మాత్రం ప్రమాదకరం: "అందరికంటే ముందు మీరే పోస్ట్ చేయాలి, సరిచూడటం తర్వాత." 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో జనం ఫోటోలు పోల్చుకుంటూ, ఏ సంబంధమూ లేని ఓ విద్యార్థిని నిందితుడని అనుకున్నారు. అప్పటికే అతను కనిపించక ఇంట్లోవాళ్లు వెతుక్కుంటున్నారు. ఆ బాధలో ఉన్న కుటుంబం మీద తిట్లు కురిశాయి. తర్వాత ఆ అబ్బాయి శవమై దొరికాడు. ఈ సంగతి చెప్పని కోర్సు, నా దృష్టిలో జర్నలిజం కోర్సే కాదు.

నేర్చుకోవాలనే ఉంటే డబ్బు అక్కర్లేదు. ఎలియట్ హిగ్గిన్స్ 2014లో మొదలుపెట్టిన బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధనా బృందం, ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చే పద్ధతుల మీద గైడ్లు ఉచితంగా పెట్టింది. మీరు తీసిన ఒరిజినల్ ఫైలు ఫోన్లో అలాగే ఉంచండి. మెసేజింగ్ యాప్‌లలో పంపితే చాలాసార్లు తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. తీసేటప్పుడు ఏదో ఒక బోర్డో, భవనమో ఫ్రేములో పడేలా చూసుకోండి.

రిఫండ్ అడిగితే "డిజిటల్ ప్రోడక్ట్‌కి రిఫండ్ ఉండదు" అన్నారు. పైగా కార్డు రెన్యువల్ పేరుతో ఖాతాలోంచి మళ్లీ డబ్బు కోశారు, నేను ఎప్పుడు ఒప్పుకున్నానో కూడా గుర్తులేదు. మీరు ఇప్పటికే కొనేసి ఉంటే వాళ్లతో మెయిళ్లలో వాదించే ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆటోపే రద్దు చేయండి. షరతుల పేజీ స్క్రీన్‌షాట్ కూడా ఇప్పుడే తీసిపెట్టుకోండి. నేను అడిగిన వారానికే ఆ పేజీలో మాటలు మారిపోయాయి.