దోమల ఏరు ఊళ్ళో సైకిల్ మీద మూడు పూటలు

టాంజానియా సఫారీకి వెళ్ళే మనవాళ్ళ ప్యాకేజీలన్నీ ఒకటే వరస. అరూషా ఊళ్ళో జీపెక్కడం, తర్వాత అడవి జంతువుల్ని చూసే చోట్లు: మన్యారా సగం రోజు, న్‌గోరోన్‌గోరో ఒక రోజు, సెరెంగెటి రెండు రోజులు, మళ్ళీ విమానం. మధ్యలో మ్‌టో వా మ్‌బు అనే ఊరు తగులుతుంది. మన్యారా పార్కు గేటు ఆ ఊరిని ఆనుకునే ఉంటుంది, కాబట్టి అందరూ దాని మీదుగానే పోతారు, కానీ ఎవరూ ఆగరు. మహా అయితే డ్రైవర్ పెట్రోలు కొట్టించుకునే పది నిమిషాల్లో కిటికీలోంచి అరటిగెలల ఫొటో తీసుకుంటారు, అంతే. మేమూ అలాగే పోయేవాళ్ళం. దారెస్సలాంలో ఉద్యోగం చేస్తున్న మా బావ పట్టుబట్టి అక్కడ రెండు రాత్రులు బుక్ చేయించాడు. ఆ ఊరి పేరుకి అక్కడి భాష స్వాహిలీలో దోమల ఏరు అని అర్థం అని తెలిసాక మా ఆవిడ అతనితో ఒక పూట మాట్లాడలేదు.

మేం వెళ్ళింది 2024 జులైలో. అది అక్కడ వానల్లేని కాలమే, కానీ పొద్దున్నే స్వెట్టర్ వేసుకునేంత చలి. అరూషా నుంచి మకుయూని దాకా పోయి అక్కడ కుడివైపు తిరిగితే మొత్తం 120 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, కానీ ఊరొచ్చిన ప్రతిచోటా 50 స్పీడు దాటకూడదు, దాటితే చెట్టుకింద స్పీడ్ గన్ పట్టుకుని పోలీసాయన ఉంటాడు. మా డ్రైవర్ ఊరు కనిపించగానే బ్రేకేసి "పోలె పోలె" అనేవాడు, అంటే నెమ్మది నెమ్మది. రెండు గంటలన్నది మాకు రెండున్నర అయింది.

సైకిల్ టూర్లు ఊళ్ళో చాలామంది చేస్తారు. మెయిన్ రోడ్డు మీద బోర్డులే బోర్డులు. మేం రెండు చోట్ల చేశాం, ఒకటి ముందే ఆన్‌లైన్‌లో, ఒకటి అక్కడికక్కడ మాట్లాడుకుని. మొదటిది మనిషికి 35 డాలర్లు, రెండోది బావ స్వాహిలీ పుణ్యమా అని 20 డాలర్లకి సరిపడా షిల్లింగులు. రెండోవాళ్ళదే బాగుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు టైం గురించి ఒక మాట. గైడ్ కుర్రాడు "సా మోజా"కి వచ్చేయండి అన్నాడు. నేను గూగుల్‌లో చూసుకుంటే ఒంటిగంట అని వచ్చింది, మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలేంట్రా బాబూ అనుకున్నాను. బావ నవ్వాడు. స్వాహిలీవాళ్ళు గంటలు తెల్లవారడం నుంచి లెక్కపెడతారు, వాళ్ళ ఒంటిగంట అంటే మన పొద్దున్న ఏడు. మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కేసినట్టే. అక్కడ ఎవరితో టైం మాట్లాడుకున్నా ఇంగ్లిష్ టైమా స్వాహిలీ టైమా అని ఒకసారి అడగండి.

మొదటి పూట ఊరూ తోటలూ. మెయిన్ రోడ్డు దిగి వంద గజాలు లోపలికి పోతే చాలు, అరటితోటలు మీదికొచ్చేస్తాయి. నేను పుట్టింది అమలాపురం దగ్గర, మా ఆవిడది ముమ్మిడివరం. కాలిబాటకి రెండువైపులా అరటి, పక్కన పంటబోదెలో గలగలా నీళ్ళు, గట్టు మీద బాతులు. "ఏవండీ, ఇంత డబ్బు పోసి మనం కోనసీమకి వచ్చామా ఏంటి?" అంది మా ఆవిడ. తేడా ఏంటంటే తలెత్తితే కొబ్బరిచెట్ల బదులు రిఫ్ట్ లోయ గోడ కనిపిస్తుంది, ఐదారు వందల మీటర్ల ఎత్తున నిటారుగా. ఆ గోడ మీంచి దిగే వాగుల నీళ్ళతోనే ఈ పచ్చదనమంతా. 1950లలో కాలువలు తవ్వాకే ఇక్కడ సేద్యం పెరిగిందట, అప్పుడే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి పడ్డారు. టాంజానియాలో ఉన్న 120 తెగలూ ఈ ఊళ్ళో ఉన్నాయని బోర్డుల మీద రాసేస్తారు. నేను లెక్కపెట్టలేదు గానీ మా గైడ్ ఇరాక్వ్, పక్కింటావిడ చాగా, టీకొట్టు ఆయన గోగో, వీధి చివర మసాయిలు. అందరూ స్వాహిలీలో మాట్లాడుకుంటారు.

తోటలో ఎర్ర అరటి గెల చూపించి ఇది మా ఊరి స్పెషల్, మీరెప్పుడూ చూసి ఉండరు అన్నాడు గైడ్. పాపం, మా ఊళ్ళో ఎర్ర చక్రకేళి తాంబూలంలో పెడతామని చెప్పి అతని ఉత్సాహం చెడగొట్టాను. అరటిపువ్వు కూర, దూట పెరుగుపచ్చడి అని మా ఆవిడ వర్ణిస్తుంటే మాత్రం అతను నమ్మలేదు, పువ్వు మేకలకి కదా వేస్తాం అన్నాడు.

వరిచేలల్లో ఇంకో సంగతి. చేలో ఉన్నదాన్ని చూపిస్తూ మ్‌పుంగా అన్నాడు, బస్తాలో ఉన్నదాన్ని మ్‌చెలే అన్నాడు, మధ్యాహ్నం కంచంలోకి వచ్చినదాన్ని వాలి అన్నాడు. వడ్లు, బియ్యం, అన్నం. ఇంగ్లిష్‌వాడికి మూడూ రైసే. ఆ ఒక్క ముక్కతో గైడ్‌కీ మాకూ దోస్తీ కుదిరిపోయింది, ఆ తర్వాత కమ్మరి కొట్టు దగ్గరా బడి దగ్గరా టూరిస్టు మాటలు మానేసి మామూలుగా కబుర్లు చెప్పాడు. ఒక మడిలో కోత అయిపోయి కొయ్యకాళ్ళున్నాయి, పక్క మడిలో నాట్లు వేస్తున్నారు, దాని పక్కది ఈనింది. నీళ్ళు వంతులవారీగా వస్తాయట. ఈనిన మడి గట్టు మీద ఒక పిల్లాడు మట్టిబెడ్డలు విసురుతూ పిట్టల్ని తోలుతున్నాడు, మమ్మల్ని చూసి "మ్‌హిండీ! మ్‌హిండీ!" అని అరిచాడు. ఇండియావాడు అని అర్థం. మొక్కజొన్నని కూడా వాళ్ళు మహిండీ అనే అంటారు, అందుకని కాసేపు ఏదో తినమంటున్నాడేమో అనుకున్నా.

తర్వాత అరటి బీరు. దాన్ని మ్‌బెగె అంటారు, కిలిమంజారో వైపు చాగావాళ్ళ పానీయం. అరటిపళ్ళు ఉడకబెట్టి, పులియబెట్టి, దాంట్లో మొలకెత్తించిన రాగుల పిండి కలుపుతారు. నేలమీద ఊక, రేకుల కప్పు కింద రెండు బల్లలు, ఒక మూల నీలం డ్రమ్ము, దాని మీద ఈగలు. పెద్దావిడ సొరబుర్రతో ముంచి ప్లాస్టిక్ మగ్గులో పోసి ముందు తను ఒక గుక్క తాగి ఇచ్చింది. పైన రాగిపొట్టు తేలుతుంటుంది, ఊది పక్కకి నెట్టి తాగాలి. పులిసిపోయిన అంబలిలో బాగా మగ్గిన అరటిపండు పిసికినట్టు ఉంది. నాకు రెండు గుక్కలు చాలు. బావ మగ్గు ఖాళీ చేసి "ఏరా బామ్మర్దీ, నీ వంతు కూడా నాకేనా?" అన్నాడు.

నాకు నచ్చని భాగం దుకాణాలు. మొదటి కంపెనీ టూర్ మూడు గంటలైతే అందులో గంటంబావు బొమ్మల కొట్ల దగ్గరే పోయింది. మకోండె అనే తెగ శిల్పులు చెక్కుతుంటే చూడటం నిజంగా బాగుంటుంది, పాదాలతో దుంగని పట్టుకుని ఉలితో చకచకా చెక్కేస్తారు. చెక్కడం అయ్యాక అమ్మకం మొదలవుతుంది, కదలనివ్వరు. ఆ బొమ్మలు చెక్కేది మ్‌పింగో కర్రతో, అసలైనదైతే నల్లగా, చేతికి బరువుగా ఉంటుంది. తేలిగ్గా ఉండి వేలికి నలుపు అంటితే అది బూట్ పాలిష్ పూసిన మామూలు కర్ర. పక్కనే టింగాటింగా బొమ్మలు. ఎడ్వర్డ్ టింగాటింగా అనే ఆయన 1960ల చివర్లో దారెస్సలాంలో మొదలుపెట్టిన పద్ధతి అది, సైకిళ్ళకి వేసే ఎనామెల్ రంగులతో వేసేవాడట. ఆ మాట విన్నాక సైకిల్ టూర్‌లో ఒక బొమ్మైనా కొనకపోతే బాగోదని కొన్నాను. బేరం మొదట చెప్పిన ధరలో సగానికి తెగింది, అయినా ఎక్కువే ఇచ్చానని బావ ఇప్పటికీ అంటాడు.

రెండో పూట మసాయిల ఇళ్ళ వైపు వెళ్ళాం. దాని గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. డాన్సు, పూసల దండలు, లోపలికి రమ్మని, బయటికొచ్చాక డబ్బులు. వాళ్ళకీ ఇబ్బందిగా ఉన్నట్టుంది, మాకూ ఇబ్బందిగా ఉంది.

మూడో పూట చెరువు వైపు, దీని కోసమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. మన్యారా చెరువు కొంత పార్కులో, కొంత బయట. పార్కు లోపలికి మాలాంటి సైకిళ్ళు రానివ్వరు, బయటి ఒడ్డుకి పోవచ్చు. పోను రాను 20 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పొద్దున్న ఏడింటికి బయల్దేరి చేలు దాటేసరికి చెట్లు పోయి బీడు మొదలైంది, మెడలో గంటలతో మసాయిల ఆవులమంద అడ్డంగా నడుస్తోంది, దానికి అవతల జీబ్రాలు మేస్తున్నాయి. కంచె లేదు, గేటు లేదు, టికెట్టూ లేదు. జీపుని పక్కనే ఆపినా పట్టించుకోని జీబ్రాలు సైకిల్‌ని మాత్రం ఒప్పుకోవు. మేం ఇంకా డెబ్భై ఎనభై గజాల దూరంలో ఉండగానే అన్నీ ఒకేసారి తలెత్తి చూశాయి, బావ సైకిల్ చైన్ కిర్రుమనగానే దుమ్ము రేపుకుంటూ పోయాయి. విల్డెబీస్ట్‌లు, అంటే ఎద్దుల్లాంటి పెద్ద జింకలు, ఇంకా పిరికివి. ఒడ్డు దగ్గర నేల మీద తెల్లగా ఉప్పులా సోడా పేరుకుని ఉంది, టైరు కింద అప్పడం విరిగినట్టు చప్పుడు. ఫ్లెమింగోలు దూరంగా ఒక గులాబీ గీతలా కనిపించాయి, అంతే. నీళ్ళు బాగా పెరిగిన ఏడాది వాటికి నాచు మేత తగ్గి వేరే చెరువులకి పోతాయట. ఫ్లెమింగోలు గ్యారంటీ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇక అసలు గొడవ. మూడో పూటకి ఒక సైకిల్ తగ్గితే మొదటి కంపెనీది ఒకటి తీసుకున్నాం, అది నాకు తగిలింది. తిరుగుదారిలో ఎదురుగాలి, ఇసక, అప్పుడు సీటు బోల్టు వదులై సీటు కిందికి దిగిపోయింది. రెండు కిలోమీటర్లు మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా తొక్కాను. తర్వాత గేర్ జారడం మొదలైంది. బండి పంపిస్తాం అని ఫోన్‌లో చెప్పినవాళ్ళు గంటన్నా రాలేదు. చివరికి రెండో గైడ్ కుర్రాడే పాత ట్యూబు ముక్క కోసి సీటు గొట్టానికి చుట్టి బిగించాడు. డబ్బు తగ్గించమని అడిగితే కంపెనీవాళ్ళు "పోలె", అంటే సారీ, అన్నారు. నెమ్మదికీ సారీకీ తేడా ఒక పోలె. అందుకే బ్రోచర్ చూడకండి, సైకిల్ చూడండి. ముందూ వెనకా బ్రేకులు నొక్కి, సీటు మీద బరువేసి కూర్చుని, ప్రతి గేరూ మార్చి, స్పేర్ ట్యూబూ పంపూ గైడ్ బ్యాగులో ఉన్నాయో లేదో చూసి అప్పుడు డబ్బివ్వండి. తుమ్మముళ్ళు టైర్లని వదలవు, మా అందరికీ కలిపి మూడు పంక్చర్లు.

పార్కు కూడా చూశాం, జీపులో. ఫీజు అప్పుడు మనిషికి 50 డాలర్లు, పైన 18 శాతం పన్ను, బండి ఖర్చు వేరే. గేటు దగ్గరి అడవి బాగుంది, కొండ కింద ఊటనీళ్ళతో బతికే అడవి, వందల కొద్దీ బబూన్ కోతులు. చెట్లెక్కే సింహాలని పేరు గానీ చెట్లే కనిపించాయి. న్‌గోరోన్‌గోరో, సెరెంగెటి ఎలాగూ వెళ్ళేవాళ్ళైతే ఈ సగం రోజు జీపు మానేసి ఆ టైం సైకిల్‌కి ఇవ్వడం మేలు. చిన్నపిల్లలుంటే, మోకాళ్ళ నొప్పులుంటే సంగతి వేరు.

బస రెండు రకాలుగా ప్రయత్నించాం. మొదటి రాత్రి ఊళ్ళోనే క్యాంప్‌సైట్ గదిలో, ఇద్దరికి 60 డాలర్లు. దోమతెరకి రెండు చిల్లులు, మా ఆవిడ హెయిర్ బ్యాండ్లతో ముడేసింది. రాత్రి పదకొండు దాకా పెద్ద ట్రక్కులో వచ్చిన తెల్లపిల్లల పాటలు. కానీ పొద్దున్నే గేటు దాటితే సైకిల్ దారి. రెండో రాత్రి కొండ మీది లాడ్జిలో, ధర మూడింతలు, వరండాలోంచి చెరువంతా కనిపిస్తుంది, దోమల్లేవు. సైకిల్‌కి మాత్రం మళ్ళీ జీపులో ఘాట్ దిగి రావాలి. సైకిల్ కోసమైతే కిందే ఉండండి, సొంత దోమతెర తీసుకెళ్ళండి. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మేం ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా వెళ్ళాం కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకున్నాం, హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. అన్నం, చిక్కుడుగింజల పులుసు, చపాతీ ఎక్కడైనా దొరుకుతాయి. మ్‌చిచా అని ఒక ఆకుకూర పెట్టారు, ఒక ముద్ద తినగానే తోటకూర అని తెలిసిపోయింది. ఆవకాయ తీసుకెళ్తే డబ్బాలో తీసుకెళ్ళండి, 2019 నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు.

ఊరు దాటేటప్పుడు బావ ఆటో స్టాండ్ దగ్గర బండి ఆపించాడు. ఆటోని అక్కడ బజాజీ అంటారు. ఎర్ర అరటిపళ్ళు ఒక అత్తం బేరమాడి తెచ్చాడు. ఘాట్ ఎక్కుతూ మా ఆవిడ ఒకటి తిని, మన చక్రకేళే నయం అంది, తర్వాత పై ఊరు కరాటు వచ్చేలోపు ఇంకో మూడు తినేసింది.