ఏడీఎం-3ఏ, వీటీ100: ఏది మేలు?

ఈ రెండూ పాతకాలపు టెర్మినళ్లు, అంటే కంప్యూటర్‌కు తగిలించి వాడే తెర, కీబోర్డు. 1976లో లియర్ సీగ్లర్ సంస్థ తెచ్చిన ఏడీఎం-3ఏలో మైక్రోప్రాసెసరే లేదు, అన్నీ మామూలు లాజిక్ చిప్పులే. తెర మీద 80 నిలువు వరుసలు, 24 లైన్లు, అంటే 1,920 అక్షరాలు. కంప్యూటర్ పంపిన అక్షరం కోడ్‌గా మెమరీలో కూర్చుంటుంది. దాన్ని మరో చిప్పు చుక్కలుగా మారిస్తే, పిక్చర్ ట్యూబు సెకనుకు 50 లేదా 60 సార్లు తెర మొత్తం తిరిగి గీస్తుంది. అంతే! ఆ సింపుల్ పనితనమంటే నాకు చాలా ఇష్టం.

దాని కీబోర్డులో బాణం గుర్తులకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ముద్రించారు. ప్రోగ్రామర్ బిల్ జాయ్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ రాసింది దీని మీదే కాబట్టి, నేటికీ అందులో కర్సర్ ఆ అక్షరాలతోనే కదులుతుంది.

1978 నాటి డెక్ సంస్థ వీటీ100లో ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసర్ ఉంది. 132 నిలువు వరుసలు చూపగలదు, బాణం మీటలూ వేరుగా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, కర్సర్‌నూ తెరనూ నడిపే ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రామాణిక ఆదేశాలు పాటించింది. ఈనాటి లినక్స్ టెర్మినల్ విండోలు అర్థం చేసుకునేదీ ఆ భాషే. రోజూ పనికైతే నా ఓటు వీటీ100కే. టెర్మినల్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలంటే మాత్రం ఏడీఎం-3ఏ విప్పి చూడాలి.