రైతుబజారా, వీధి చివర అంగడా?

తిరుపతిలో బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి చోట్ల కాపురముండేవాళ్లకు కూరగాయలు కొనడానికి రెండు దారులున్నాయి. వారానికి సరిపడా ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, టమోటాలు కావాలంటే రైతుబజారే మేలు. ధరల బోర్డు ముందే కనిపిస్తుంది, బేరమాడే పనిలేదు. అయితే పొద్దున్నే పోవాలి. ఎండెక్కాక మిగిలేది ఏరేసిన సరుకే. నిల్వకు తొడిమ దగ్గర పచ్చగా, గట్టిగా ఉన్న టమోటాలు తీసుకోండి. బాగా పండినవి తొందరగా కుళ్లిపోతాయి.

ఆకుకూరకు మాత్రం వీధి అంగడే నయం, ఏ పూటకాపూట కట్ట తెచ్చుకోవచ్చు. నీళ్లు చల్లి పెట్టిన కట్టను విప్పి లోపల చూడండి. తడి ఆరక నడిమి ఆకులు నల్లబడి ఉండొచ్చు. అదీగాక తూకానికి అమ్మితే నీళ్ల బరువుకూ మనమే డబ్బు కట్టాలి. కాటా మీద ఖాళీ తట్ట పెట్టించి, సున్నా చూపించాకే తూకం వేయించుకోండి.

చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయలు కాదు) ఎక్కడ కొన్నా ఒక కాయ ఒలిచి చూడాల్సిందే. గింజ నిండుగా, చేతికి జిగురు అంటుతూ ఘుమఘుమలాడాలి. గింజలు నానబెట్టి, తొక్క పితికి తీసి చేసే పితికిపప్పుకు అవే కావాలి. లేతవైతే నానబెట్టినా తొక్క జారదు, పితికితే గింజే నలుగుతుంది. కిలో కాయకు వచ్చే గింజ తక్కువే కాబట్టి, ఒలిచిన గింజల ధర కూడా అడిగి పోల్చుకోండి.